బూట్లు విప్పిన మర్నాడు

పాఠకుల ప్రశ్నలకు ఓ మాజీ స్టాపర్ బ్యాక్ జవాబులు

పోయిన సంచికలో ఖాలిద్ జమీల్ మన జాతీయ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్ అయిన సంగతి నాలుగు మాటలు రాశాను. దానిమీద వచ్చినన్ని ఉత్తరాలు ఆఫ్‌సైడ్ రూలు గురించి రాసినప్పుడు కూడా రాలేదు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి, ఆట మానేసి కోచింగ్‌కి వచ్చేవాళ్ళ గురించి అడిగినవే తీసుకున్నాను. హోమియో మందు వేసుకుంటే వేగం పెరుగుతుందా అని అడిగిన జగిత్యాల అబ్బాయి ఇంకో పక్షం ఓపిక పట్టాలి.

ప్రశ్న: నాకు 26 ఏళ్ళు. పదేళ్ళుగా లీగ్ ఆడుతున్నాను. పోయినేడు మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ అయింది. గట్టి మ్యాచులు ఇక వద్దన్నారు డాక్టరు గారు. ‘ఆట వచ్చు కదా, కోచ్ అయిపో’ అంటున్నారు మావాళ్ళు. ఆడినవాడికి నేర్పడం ఎంతసేపు? నేరుగా చేరిపోవచ్చా?
- ఒక పాఠకుడు, నల్గొండ

చేరిపోవచ్చు తమ్ముడూ. నేనూ అట్లాగే చేరాను. చేరిన మూడో రోజే పరువు పోయింది.

1982 నుంచి పద్నాలుగేళ్ళు ఒక డిపార్ట్‌మెంట్ టీముకి స్టాపర్‌గా, అంటే గోలు ముందు కాపలా కాసే డిఫెండర్‌గా, ఆడాను. పెద్ద పేరేం కాదు. లాల్ బహదూర్ స్టేడియంలో ఆడిన రోజు పేపర్లో ఇంటిపేరు తప్పు పడేంత పేరు. ముప్పై నాలుగో ఏట నడుము నొప్పితో ఆపేసి, ఓ స్కూల్లో సాయంత్రం పూట పిల్లలకి నేర్పడానికి ఒప్పుకున్నా. అప్పటికి నా దగ్గర ఉన్న సర్టిఫికెట్లల్లా మెడలో వేలాడే విజిలే.

పదమూడేళ్ళ పిల్లాడొకడు నాలాగే స్టాపర్. ఫార్వర్డ్ బంతి తెస్తుంటే చాలు, ఆగలేక మీద పడేవాడు. ఫార్వర్డ్ పక్కకి తప్పుకొని వెళ్ళిపోయేవాడు, వీడు గడ్డి మీద ఉండేవాడు. నాలుగుసార్లు చూసి అరిచాను: ‘ముందే పడొద్దురా! టైం చూసుకొని కాలు పెట్టు!’

వాడు లేచి నిక్కరు దులుపుకొని అడిగాడు: ‘టైం అంటే ఎప్పుడు సార్?’

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ‘అదీ... ఆడగా ఆడగా నీకే తెలుస్తుంది’ అన్నాను. ‘మీకు తెలుస్తుంది సార్. నాకు తెలియట్లేదు కదా’ అన్నాడు వాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. అందుకే ఎక్కువ తగిలింది.

ఆ రాత్రి మా డాబా మీద మా అన్న కొడుకుని పట్టుకున్నా. రబ్బరు బంతి ఇచ్చి, ‘నన్ను దాటుకుంటూ వాటర్ ట్యాంకు దాకా వెళ్ళు’ అన్నా. ఇరవై, ఇరవై ఐదు సార్లు వచ్చి ఉంటాడు. నేను ఏం చేస్తున్నానో నన్ను నేనే దొంగచాటుగా చూసుకున్నా. మొదట తెలిసింది, నేను ఎదుటివాడికి ఎదురుగా నిలబడను. ఆర్టీసీ బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడ్డట్టు ఓ పక్కకి తిరిగి ఉంటాను, బరువంతా మునివేళ్ళ మీద. రెండోది, వాడి కాళ్ళు చూడను, కళ్ళు అసలే చూడను. బంతినే చూస్తాను. బంతి వాడి పాదానికి అతుక్కొని ఉన్నంతసేపూ వెనక్కి నడుస్తూనే ఉంటాను. తన్నిన బంతి పాదం నుంచి ఓ మూరెడు దూరం జరిగి, తన్నిన కాలు ఇంకా నేల మీదికి రాని క్షణంలో వాడు దిశ మార్చలేడు. నేను కాలు పెట్టేది అప్పుడు. పద్నాలుగేళ్ళూ అదే చేశాను, అదే చేస్తున్నానని మాత్రం తెలీదు.

మర్నాడు ఆ పిల్లాడికి చెప్పా: ‘పక్కకి తిరుగు. బంతి వాడి కాలి దగ్గరుంటే వెనక్కి నడువు. మూరెడు జరిగితే వెళ్ళు.’ రెండుసార్లు మళ్ళీ గడ్డి మీదే. మూడోసారి బంతి వీడి కాలి కింద ఉంది. బంతి వంక కాదు, నా వంక చూశాడు.

నీకు ఆట వచ్చు తమ్ముడూ. అది నీ కాళ్ళకి వచ్చు. కోచింగ్‌కి పనికొచ్చేది నోటికి రావాలి. ఇప్పుడు మోకాలు ఇంట్లో కూర్చోబెట్టింది కదా, ఓ నోటుపుస్తకం కొను. నువ్వు బాగా చేసే మూడు పనులు రాయి: ఎక్కడ నిలబడతావు, దేన్ని చూస్తావు, ఎప్పుడు కదులుతావు. ‘ఫీలింగ్‌తో చేస్తా’ అని రాస్తే ఆ పేజీ చింపేసి మళ్ళీ రాయి.

ఖాలిద్ జమీల్ పేరు ఊరికే ఎత్తలేదు. అతను కూడా నీలాగే గాయాలు వెంటాడిన మిడ్‌ఫీల్డరు. ఇండియాకి ఆడాడు. ఆట చివర్లో ఉన్న ముంబై ఎఫ్‌సీకే 2009లో, ముప్పై రెండేళ్ళకి కోచ్ అయ్యాడు. ఏడేళ్ళు అక్కడే. చిన్న జట్టు, చిన్న బడ్జెట్టు, ప్రతి ఏడూ కిందికి జారిపోకుండా కాపాడటమే ఉద్యోగం. 2016లో అదీ పోయింది. అప్పుడు వెళ్ళింది మిజోరంలోని ఐజ్వాల్‌కి. ఆ జట్టు అంతకుముందు సీజన్‌లో అప్పటి జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్ నుంచి కిందికి దిగిపోయి, గోవా క్లబ్బులు తప్పుకోవడంతో మళ్ళీ చోటు దొరికించుకున్న జట్టు. 2017 ఏప్రిల్ 30న షిల్లాంగ్‌లో ఆఖరి మ్యాచ్. ఒక్క పాయింటు కావాలి. ముందు గోలు తిన్నారు, తర్వాత సమం చేశారు, 1-1. కలకత్తా జట్టు మోహన్ బగాన్‌కి 36 పాయింట్లు, ఐజ్వాల్‌కి 37. ఈశాన్య రాష్ట్రాల నుంచి జాతీయ లీగ్ గెలిచిన మొదటి క్లబ్బు అదే.

ఆ ఏడేళ్ళు ఎవరూ అతని గురించి రాయలేదు. నేనూ రాయలేదు. 2025 ఆగస్టులో జాతీయ జట్టు అప్పగించాక అందరం రాశాం. వెళ్ళగానే మధ్య ఆసియా దేశాల కప్పులో ఒమన్‌ని పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెచ్చాడు. అక్టోబరులో గోవాలో సింగపూర్ చేతిలో 1-2 ఓటమితో ఆసియా కప్ దారి మూసుకుపోయింది. మూడు నెలలు తిరక్కుండానే పొగడ్తా, తిట్టూ రెండూ అయ్యాయి. ఈ కొలువులో అంతే, దానికీ తయారుగా ఉండు.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. మన హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ రహీం గారు కూడా బడిపంతులేననీ, పెద్ద ఆటగాడు కాదనీ చదివాను. ఆడనివాడు ఆడేవాళ్ళకి ఏం చెప్పగలడండీ? మా రోజుల్లో అయితే పిల్లలే నవ్వేవారు.
- ఒక పాఠకురాలు, విజయవాడ

అమ్మా, అసలు ఆడలేదని కాదు. ఉస్మానియాలో చదివే రోజుల్లో బాగానే ఆడారు. జాతీయ జట్టుకి ఆడలేదు, అంతే. సయ్యద్ అబ్దుల్ రహీం కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్ళలో పాఠాలు చెప్పిన మనిషి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతిలో ఉండేది. ఆ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. పంతులుతనం ఆయనకి అడ్డం కాలేదు, అదే పెట్టుబడి. నాకు డాబా మీద ఇరవై ఐదు సార్లు పట్టిన పని ఆయనకి తరగతి గదిలో ముందే అలవాటు. తెలియనివాడికి ఎక్కడ తెలియట్లేదో పట్టుకోవడం మీకు మాత్రం కొత్తా?

ఆయన పెట్టిన ఒక పోటీ గురించి నా చిన్నప్పుడు పెద్ద ఆటగాళ్ళు చెప్పుకొనేవారు. చేతకాని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలి. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి రాగానే పాస్ ఇచ్చెయ్యాలి. ఉపన్యాసం ఇస్తే చెవులు వింటాయిగానీ కాళ్ళు వినవు కదా, అందుకని ఆటనే అట్లా మార్చేశారు.

నేనూ ఓ ఎండాకాలం క్యాంపులో ఆ ఎడమకాలి పోటీ పెట్టాను. కుడికాలితో తన్నితే ఎదుటి జట్టుకి ఫ్రీ కిక్. మొదటి రోజు గంటసేపు ఆడి 0-0. ఒకడు గాలిని తన్ని కూలబడ్డాడు, గోలీలిద్దరూ గోల్‌పోస్టు కింద కూర్చొని జామకాయలు తిన్నారు. రెండో వారానికి పాస్‌లు కుదిరాయి. ఒక్కడు మాత్రం మొదటి నుంచీ గోల్స్ మీద గోల్స్ కొడుతున్నాడు. ఎంత మెచ్చుకున్నానో! వాడి అమ్మ ఫీజు కట్టడానికి వచ్చి ‘మావాడు అన్నం కూడా ఎడమ చేత్తోనే తింటానంటాడు సార్, తిట్టి మానిపించండి’ అనేదాకా అసలు సంగతి తెలీలేదు. వాడు ఎడమ వాటం మనిషి, నోరు మూసుకొని నాలుగు కప్పులు సంపాదించాడు. కుడికాలితో ఆడమన్నాక వాడూ గాలినే తన్నాడు.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనవాళ్ళు 10-1తో ఓడారు. చాలామంది ఒట్టికాళ్ళతో ఆడిన మ్యాచ్ అది. అప్పుడూ కోచ్ రహీం గారే. ఆ దెబ్బకే బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్ళకి మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి నాలుగో స్థానం. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1, బంగారం. అంతకుముందే తలకి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఆ ఫైనల్లో ముందుకి పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. రెండో గోలు అతనిదే. దెబ్బ తగిలినవాణ్ణి బయట కూర్చోబెట్టడం ఎవరికైనా తడుతుంది. వెనకాల ఆడేవాణ్ణి కుట్లతో సహా గోలు ముందు నిలబెట్టడం తట్టాలంటే, అతని ఒంట్లో ఏముందో అతనికంటే బాగా తెలియాలి. అప్పటికే రహీం గారిని ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్‌లో పోయారు.

గుర్రపు జాకీ అవ్వాలంటే ముందు గుర్రమై పుట్టాలా అని ఇటలీ కోచ్ అరిగో సాకీ అడిగాడంటారు. ఆయన కూడా ప్రొఫెషనల్‌గా ఆడినవాడు కాదు, తండ్రి దగ్గర చెప్పుల వ్యాపారం చూసుకున్నాడు. ఆ మాట మీ పిల్లలకి చెప్పండి, నవ్వు ఆపుతారు.

ప్రశ్న: పేరున్న ఆటగాళ్ళు కోచ్‌లుగా ఎందుకు తేలిపోతారు? మన హైదరాబాద్ వాళ్ళలో రెండూ చేసినవాళ్ళు లేరా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

లేకేం. సయ్యద్ నయీముద్దీన్ సాబ్‌ని మించి ఏం కావాలి? ఆయనా డిఫెండరే, నాకు పక్షపాతం ఉంటే ఉండనీ. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకి కెప్టెన్, ఆ ఏడే అర్జున. ఇరవై ఏళ్ళకి, 1990లో, కోచ్‌గా ద్రోణాచార్య. ఫుట్‌బాల్లో ఆ అవార్డు అందుకున్న మొదటి మనిషి. అదే ఏడు ఆయన చేతిలో ఈస్ట్ బెంగాల్ ఐఎఫ్ఏ షీల్డు, డ్యురాండ్, రోవర్స్ మూడూ గెలిచింది. 2005లో కరాచీలో శాఫ్ కప్పు కూడా ఆయన కోచ్‌గా ఉండగానే వచ్చింది.

అదే 1970 జట్టులో మన మహమ్మద్ హబీబ్ ఉన్నాడు. కలకత్తాలో ‘బడే మియా’ అంటే ఆయనే. ఆటే వృత్తి అనుకొని, కాళ్ళ దగ్గరికి వచ్చిన ఉద్యోగాలు వదులుకున్న మనిషి. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2-2 ఆడితే, అందులో ఒక గోలు ఆయనది. తర్వాత జంషెడ్‌పూర్ టాటా అకాడమీలో పిల్లలకి నేర్పారు. 2023 ఆగస్టు 15న పోయారు. షబ్బీర్ అలీ ఇంకొకరు. 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యూత్ కప్పు పంచుకున్న కుర్రాళ్ళ జట్టుకి కెప్టెన్. కోచ్‌గా సల్గావ్‌కర్‌కి 1998-99 జాతీయ లీగ్ గెలిపించారు.

ఇక తేలిపోవడం సంగతి. నాకు తెలిసి పేరున్నవాడికి వచ్చే జబ్బు ఒకటే. తనకి నేర్పినవాడి పద్ధతి వేదం అనుకుంటాడు, లేదా తను ఆడిన తీరే అందరికీ వస్తుందనుకుంటాడు. ఇటలీ కోచ్ కార్లో అన్సెలొట్టిని చూడండి. మిలాన్‌లో సాకీ కింద ఆడి 1989, 90ల్లో యూరోపియన్ కప్పులు గెలిచాడు. 1994 ప్రపంచ కప్పులో సాకీకే అసిస్టెంటు. తర్వాత పార్మాకి కోచ్ అయ్యాక గురువు గారి 4-4-2 (వెనక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు) తప్ప ఇంకోటి ముట్టలేదు. 1997లో రాబర్టో బాజియో అంతటివాడు వస్తానంటే, ఫార్వర్డ్‌ల వెనక ఆడతానన్నాడని వద్దనేశాడు. బాజియో బొలోన్యాకి వెళ్ళి ఆ సీజన్ లీగ్‌లో 22 గోల్స్ కొట్టాడు.

అన్సెలొట్టి గొప్పతనం ఆ తర్వాత కనిపించింది. యువెంటస్‌లో జిదాన్ దొరికితే, జిదాన్‌ని పద్ధతిలోకి కుక్కకుండా పద్ధతినే జిదాన్ చుట్టూ తిప్పాడు. మిలాన్‌లో పిర్లోని వెనక్కి దించి డిఫెన్సు ముందర నిలబెట్టాడు, ఆట మొత్తం అక్కణ్ణుంచి నడిపించాడు. కోచ్‌గా ఐదు చాంపియన్స్ లీగులు ఇప్పటికి ఎవరికీ లేవు, అతనికి తప్ప. బాజియోని వద్దన్నది తప్పేనని తనే ఒప్పుకున్నాడు. నేను అంత పెద్ద తప్పులు చేసే అవకాశం లేకగానీ, చిన్న సైజులో చేశాను. పొట్టిగా, చురుగ్గా ఉండే పిల్లాణ్ణి ‘ఫుల్ బ్యాక్‌కి ఇంత ఎత్తేంటి’ అని రెండేళ్ళు రిజర్వులో కూర్చోబెట్టా. వాడు ఇంకో టీముకి వెళ్ళి మా మీదే ఆడి మా రైట్ వింగర్ని ఊపిరి ఆడనివ్వలేదు. మ్యాచ్ అయ్యాక వచ్చి కాళ్ళకి దండం పెట్టాడు. తిట్టినా బాగుండేది.

ప్రశ్న: మా అబ్బాయి డిపార్ట్‌మెంటులో స్పోర్ట్స్ కోటా మీద చిన్న ఉద్యోగం చేస్తూ ఆడుతున్నాడు. అది మానేసి పూర్తిగా కోచింగ్‌లోకి దిగుతానంటున్నాడు. ఇందులో కూడు ఉందా బాబూ? ఏదో లైసెన్సు కూడా కావాలంటున్నాడు.
- ఒక తల్లి, ఖమ్మం

ఉద్యోగం మానొద్దని చెప్పండి తల్లీ. నా పేరే చెప్పండి, కోపం నా మీద పెట్టుకుంటాడు.

లైసెన్సు నిజమే. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే ‘డి’ కింది మెట్లలో ఒకటి. దాని పైన ఆసియా సమాఖ్య ‘సి’, ‘బి’, ‘ఏ’, అన్నిటికంటే పైన ‘ప్రో’. ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో హెడ్ కోచ్ కుర్చీ కావాలంటే ఆ చివరిది ఉండాలి. ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య నిజంగా టీముకి నేర్పిన అనుభవం చూపించాలి, కాబట్టి ఒక్క ఏడులో పేర్చేసుకొనేవి కావు. పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా ఇంకో దారి. స్కూళ్ళల్లో, ప్రభుత్వ కొలువుల్లో దానికి విలువుంది. ‘డి’ కోర్సు తక్కువ రోజుల్లో అయిపోతుంది. ఉద్యోగానికి సెలవు పెట్టి ముందు అది చేసి రమ్మనండి. పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పమని పరీక్ష పెడతారు. అక్కడే తెలిసిపోతుంది, అబ్బాయికి ఇష్టమైంది కోచింగా, ట్రాక్‌సూటా అన్నది.

కూడు గురించి నా లెక్క చెప్తాను. ఒకచోట నెలనెలా జీతం అన్నారు. మార్చి రాగానే ‘పిల్లలకి పరీక్షలండీ, గ్రౌండుకి రారు కదా’ అని రెండు నెలలు ఎగ్గొట్టారు. నలభై మందికి ఆరు బంతులిచ్చారు, అందులో రెండింటికి గాలి నిలవదు. కోన్లు లేకపోతే ఇటుకలు పెట్టాం, ఒకడి బొటనవేలు గోరు ఊడాక ఖాళీ నీళ్ళ సీసాల్లో ఇసుక పోసి పెట్టాం. కోచింగ్ చేసిన ఆ పదేళ్ళూ ఇల్లు గడిచింది నా డిపార్ట్‌మెంట్ జీతం మీదే. ఉదయం అయిదున్నరకి గ్రౌండు, పదింటికి ఆఫీసు, సాయంత్రం మళ్ళీ గ్రౌండు. మా ఆవిడని అడిగితే ఇంకో లెక్క చెప్తుంది, అది అచ్చు వెయ్యలేం.

ప్రశ్న: మ్యాచ్ జరుగుతుంటే కోచ్ గీత దగ్గర నిలబడి అంతలా అరుస్తాడు. లోపల ఆడేవాళ్ళకి వినపడుతుందా?
- తొమ్మిదో తరగతి విద్యార్థి, అనంతపురం

పది మందికి వినపడదు నాన్నా. ఒక్కడికే వినపడుతుంది, కోచ్ పక్కన గీత మీద ఆడే వింగర్‌కి. స్టాపర్ తప్పు చేసినా, గోలీ తప్పు చేసినా, తిట్లన్నీ వాడి చెవిలోనే పడతాయి. సగం ఆటయ్యాక వైపులు మారతాయి కదా, అప్పుడు రెండో వింగర్ వంతు. నా టీములో లెఫ్ట్ వింగర్ ఒకడుండేవాడు. ఎప్పుడు టాస్ వేసినా కెప్టెన్ చెవిలో ఏదో గొణిగేవాడు. గాలివాటం చూసి చెప్తున్నాడేమో అనుకొని మురిసిపోయా. ఓ రోజు ఫైనల్లో వాడు నా వైపే పడ్డాడు. పది నిమిషాలు పేరు పెట్టి పిలిచా, తిరిగి చూడడు. హాఫ్ టైంలో దగ్గరికి వస్తే చూశా, రెండు చెవుల్లోనూ దూది.